ఇది అలక కాదు

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. శుద్ధ అబద్ధం. కోపం రావాల్సినప్పుడు వస్తుంది, అంతే. రావాల్సిన సందర్భాలు రోజుకు ముప్ఫయ్యో నలభయ్యో ఉంటే అది నా తప్పా?

పందొమ్మిదేళ్లుగా సిటీ బస్సు నడుపుతున్నాను. పొద్దున్నే ఐదున్నరకు డిపోలో బస్సు తీస్తే మధ్యాహ్నం రెండున్నర దాకా ఊరిని ఈ చివర నుంచి ఆ చివరకు ఆరుసార్లు కొలుస్తాను. ఇంటికొచ్చాక రెండో డ్యూటీ. మూడో అంతస్తులో మా ఇల్లు. ముందు గదిలో కిటికీ పక్కన మా ఆయన కుట్టు మిషను, ఆయన దర్జీ. వెనక గదిలో మా అత్తయ్య, ఆవిడ మోకాళ్లు, ఆ మోకాళ్ల మందులు. పదో తరగతి చదివే కూతురు ఎక్కడ చోటుంటే అక్కడ. నాకు మిగిలింది వంటగది.

ఆ రోజు డిపో క్లినిక్కులో ఏటేటా చేసే పరీక్ష. డాక్టరు గారు నా చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, మిషను వంక చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

“నూట అరవై బై నూరు. ఇలా అయితే స్టీరింగ్ ఇవ్వరమ్మా.”

“మరేమిస్తారు?”

“మర్చిపోయిన వస్తువుల గది.”

ఆ గది నాకు తెలుసు. బస్సుల్లో జనం మర్చిపోయిన రెండొందల గొడుగులు, ఒక చేతికర్ర, ఒక కట్టుడు పళ్ల సెట్టు ఉంటాయి. వాటిని చూసుకునే పెద్దాయన గొడుగులతో మాట్లాడతాడు. అవి జవాబు చెబుతాయని కూడా అంటాడు. ఆయన కూడా ఒకప్పుడు డ్రైవరే.

“రెండు వారాలు టైమిస్తాను. పై అంకె నూట నలభై లోపు తీసుకురండి. రోజుకు పది నిమిషాలు ధ్యానం చెయ్యండి. కళ్లు మూసుకుని, నోరు మూసుకుని, ఊపిరి లెక్కపెట్టుకోండి. ఒకటి నుంచి పది దాకా. మధ్యలో మనసు ఎటైనా పోతే మళ్లీ ఒకటి నుంచి.”

“సార్, నాకు ఊపిరి పీల్చుకోవడానికే తీరిక లేదు.”

“అందుకేనమ్మా, ఊపిరి పీల్చుకోవడానికే పది నిమిషాలు పెట్టుకోమంటున్నాను.”

ఒక సంగతి ముందే చెప్పాలి. నాకు స్టీరింగ్ అంటే జీతం ఒక్కటే కాదు. మా డిపోలో పొడుగు బస్సులని నాలుగున్నాయి. రెండు బస్సుల్ని కలిపి కుట్టినట్టు, మధ్యలో హార్మోనియం తిత్తిలాగా మడత ఉంటుంది. మలుపు తిరిగితే ముందు సగం ఒక వీధిలో, వెనక సగం ఇంకో వీధిలో. ఎనిమిదేళ్ల కిందట వాటి కోసం దరఖాస్తు పెట్టాను. నాతోపాటు పెట్టిన ఐదుగురికీ ట్రయలుకు రమ్మని ఉత్తరాలొచ్చాయి. నాకు రాలేదు. అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. నా చెయ్యి చాలదేమో అనుకున్నాను. ఇప్పటికీ ఎదురుగా పొడుగు బస్సొస్తే మొహం పక్కకు తిప్పుకుంటాను. ఉన్న ఈ పొట్టి బస్సు కూడా పోతే ఇక నేనెవరిని?

అందుకని ధ్యానం మొదలుపెట్టాను. టైము వెతికితే కూరలు తరగడం అయ్యాక, బట్టలు మడవడానికి ముందు, సాయంత్రం ఐదున్నరకు ఒక సందు దొరికింది. చోటు వెతికితే ఫ్రిజ్జుకూ గోడకూ మధ్య ఇంకో సందు దొరికింది. అక్కడ స్టూలేసుకుని, గోడ వైపు తిరిగి కూర్చుని కళ్లు మూసుకున్నాను.

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

“అమ్మాయ్,” అంది మా అత్తయ్య గుమ్మంలోంచి.

నేను పలకలేదు. డాక్టరు పలకొద్దన్నాడు. కానీ నేను ఈ ఇంట్లో మెలకువగా ఉండి నోరు మూసుకోవడం పందొమ్మిదేళ్లలో అదే మొదటిసారి అని నాకు తట్టలేదు. ఆవిడకు తట్టింది.

“గోడకేసి తిరిగి కూర్చున్నావేంటే? అలిగావా?”

ఒకటి. రెండు.

“నా మీదేనా?”

మూడు.

“తెలిసిపోయిందన్నమాట. అవును తల్లీ, నువ్వు మోకాళ్లకని రోజూ కాచి ఇచ్చే కషాయం నేను తాగట్లేదు. కిటికీలో మొక్కకి పోస్తున్నా. రెండేళ్లయింది. ఆ చేదు నోట్లో పెట్టుకోవడం నా వల్ల కాదు.”

కళ్లు తెరిచాను. ఏమనుకుంటున్నారు? రెండేళ్లుగా రోజూ అరగంట స్టవ్వు దగ్గర నిలబడి కాచిన కషాయం! ఆ కిటికీలో మూడు మొక్కలు చచ్చిపోతే, మొక్కలమ్మేవాడితో మూడుసార్లు పోట్లాడాను. మూడోసారి వాడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు కూడా.

“నేను అలగలేదు అత్తయ్యా! ధ్యానం చేసుకుంటున్నా!” అని అరిచాను.

“అవునవును, ధ్యానమే,” అంది ఆవిడ, నా తల నిమిరి. “అలిగినవాళ్లు అలిగామని ఎప్పుడు ఒప్పుకున్నారు గనక.”

చూశారా? అలగలేదంటే అలిగినట్టే. మాట్లాడకపోతే మరీ అలిగినట్టు. ఈ చిక్కులోంచి బయటపడే దారి దేవుడు కూడా పెట్టలేదు.

రెండో రోజు నాలుగో ఊపిరి దగ్గర నా కూతురు వచ్చి స్టూలు పక్కన కూలబడింది. “సారీ అమ్మా. ప్రోగ్రెస్ రిపోర్టు మీద నీ సంతకం ఆరో క్లాసు నుంచి నేనే పెట్టేస్తున్నా. నీదానికంటే నాదే బావుంటుందని మా టీచర్ కూడా అంది.” టీచరుకు కూడా తెలుసన్నమాట.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నారని విన్నాను గానీ, ఇక్కడ నేను దొంగ అని కూడా అనలేదు. ఊరికే గోడ చూస్తూ కూర్చున్నాను. దానికే భుజాలు తడుముకుంటూ వచ్చేస్తున్నారు.

ఇంట్లో లాభం లేదని మూడో రోజు బస్సులోనే చేద్దామనుకున్నాను. చివరి స్టాపులో పన్నెండు నిమిషాలు ఆగుతాం. ఇంజను ఆపి, చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకున్నాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

“అక్కా,” అన్నాడు మా కండక్టరు. వీణ్ణి డిపోలో అందరూ ఈల అంటారు, నోట్లో ఎప్పుడూ విజిలుంటుంది. ఆ రోజు విజిలు తీసి చేత్తో పట్టుకున్నాడు. “నీకెవరు చెప్పారో తెలీదు గానీ అక్కా, నిజమే. నీ వెనకాల నిన్ను ‘ప్రెజర్ కుక్కర్’ అనే పేరు మొదలుపెట్టింది నేనే.”

అసలు అలాంటి పేరొకటి నాకుందనే నాకు తెలీదు.

వెనక సీట్లో గొంతు సవరించుకున్న చప్పుడైంది. రోజూ మా బస్సులో వచ్చే రిటైరైన లెక్కల మాస్టారు కడ్డీ పట్టుకుంటూ ముందుకొచ్చారు. “అమ్మా, లాండ్రీ స్టాపు దగ్గర బెల్లు కొట్టి దిగకుండా కూర్చునేది నేనే. నాలుగేళ్లుగా. అక్కడ మేమిదివరకు ఉన్న ఇల్లుంది. బస్సు ఆగితే ఒక్క నిమిషం చూసుకోవచ్చని.”

ఆ బెల్లు! దాంట్లో ఏదో లోపముందని మూడుసార్లు మార్పించాను. మెకానిక్కుతో మాటలు కూడా మానేశాను. కానీ మాస్టారి మొహం చూస్తే తిట్టడానికి నోరు రాలేదు. రాని తిట్టు లోపలే ఉండిపోతుంది కదా, అది ఎక్కడికి పోతుంది? తిన్నగా పై అంకెలోకి పోతుంది.

వారం తిరిగేసరికి వార్త మా మెట్లన్నీ ఎక్కి దిగింది. మూడో అంతస్తు డ్రైవరమ్మ అలిగిందట, ఎవరి మీదో చెప్పట్లేదట, రోజూ ఐదున్నరకు గోడ వైపు తిరిగి కూర్చుంటుందట. ఎవరి మీదో చెప్పకపోవడంతో అందరూ తమ మీదే అనుకున్నారు. మా గుమ్మం బయట జనం. నా కూతురు కుర్చీలు వేసింది. మా అత్తయ్య ‘ఒక్కొక్కరే, ఒక్కొక్కరే’ అంటూ లోపలికి పంపింది. ఈ ఉత్సాహం ఆ మోకాళ్లకు ఎక్కణ్ణుంచి వచ్చిందో!

పై ఫ్లాటావిడ వచ్చి, మధ్యాహ్నం నేను కునుకు తీసే టైముకే కుర్చీలు ఈడ్చేదాన్ని, కావాలనే, అని ముక్కు చీదింది. ఒకాయన ఎవరో, నాకు మొహం కూడా తెలీదు, “దేనికైనా మంచిది, క్షమించండి,” అని చెప్పి వెళ్లిపోయాడు. ప్లంబరు స్పానరుతో సహా వచ్చాడు.

“మీ బాత్రూంలో వేణ్ణీళ్ల కుళాయి, చన్నీళ్ల కుళాయి అటుదిటు, ఇటుదటు బిగించింది నేనేనండి. ఆరేళ్లయింది. అప్పుడే చూసుకున్నా. విప్పడానికి బద్ధకమేసింది.”

ఆరేళ్లు! ఆరేళ్లుగా పొద్దున్నే నిద్రమత్తులో మండే నీళ్లు మీద పడ్డప్పుడల్లా మా ఆయన్ని తిట్టాను. కుళాయి సరిగ్గా కట్టవు అని ఒకటి, నీళ్లన్నీ వేడి చేసి నన్ను ఉడకబెడతావు అని ఇంకోటి. పాపం ఆ మనిషి ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తర్వాత తెలిసింది లెండి.

పదో రోజు డిపో నర్సు బీపీ చూసి, “నూట డెబ్భై రెండు. ధ్యానం చేస్తున్నారా, మానేశారా?” అంది.

“చేస్తున్నాను కాబట్టే,” అన్నాను.

ఇంకో నాలుగు రోజులు. గొడుగుల గది కళ్ల ముందు కనబడుతోంది. ఆ సాయంత్రం నా కూతురి చేత పెద్ద అట్టముక్క మీద, దాని మంచి దస్తూరీతో, రాయించాను.

ఇది అలక కాదు. ధ్యానం. పలకరించవద్దు.

దారం కట్టి ఫ్రిజ్జు పిడికి తగిలించాను. విచిత్రం చూడండి. పది రోజులు నోరు పగిలేలా చెబితే నమ్మని మనుషులు అట్టముక్కను ఒక్క చూపులో నమ్మేశారు. “ఓహో, ధ్యానమా! ముందే చెప్పొచ్చు కదమ్మాయ్,” అంది మా అత్తయ్య. బయట కుర్చీలు లోపలికొచ్చేశాయి. జనం ఎక్కడివాళ్లక్కడ సర్దుకున్నారు. ప్లంబరు మాత్రం కుళాయిలు సరిచేసి పోయాడు, దాంతో మర్నాడు ఇంటిల్లిపాదీ అలవాటు కొద్దీ రెండో కుళాయి తిప్పి ఒళ్లు కాల్చుకున్నాం.

పదకొండో రోజు సాయంత్రం ఇల్లు ఇల్లులా నిశ్శబ్దంగా ఉంది. కూర్చున్నాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

అడుగుల చప్పుడు. మా ఆయన. అట్టముక్క ముందు ఆగాడు. పెదాలు కదుపుతూ చదువుకుంటున్నట్టు వినబడింది.

“పలకరించొద్దని రాసి ఉంది. నేను పలకరించట్లేదు,” అన్నాడు గుసగుసగా. “ఒక్క మాట చెప్పి పోతా. అందరూ చెప్పేసుకున్నారు, నేనొక్కణ్ణే మిగిలా. నాకు నిద్ర పట్టట్లేదు.”

నేను కళ్లు తెరవలేదు. చొక్కా కాల్చి ఉంటాడు, లేకపోతే నా కత్తెర పోగొట్టి ఉంటాడు అనుకున్నాను.

“పొడుగు బస్సు ట్రయలుకి రమ్మని ఎనిమిదేళ్ల కిందట నీకు ఉత్తరం వచ్చింది. నేనే తీసుకున్నా. మిషను సొరుగులో పెట్టేశా. ఇప్పటికీ అక్కడే ఉంది, బొత్తాల డబ్బా కింద. అంత పొడుగు బస్సు నువ్వు నడిపితే వెనక సగం నీకు కనబడదు కదా. వెనక ఏం జరుగుతోందో నీకు తెలీదు. నాకు భయమేసింది. రేపిద్దాం, రేపిద్దాం అనుకున్నా. తారీఖు దాటిపోయింది. దాటాక ఇవ్వడానికి ఇంకా భయమేసింది.”

చెప్పి, చెప్పులు చేత్తో పట్టుకుని, మునివేళ్ల మీద నడుచుకుంటూ వెళ్లిపోయాడు. నా ధ్యానం చెడకూడదని.

ఇంకెప్పుడైనా అయితే ఆ మిషను కిటికీలోంచి కిందపడి ఉండేది. కానీ ఆ రోజు స్టూలు మీంచి లేవలేదు. ఎనిమిదేళ్లు నా చెయ్యి చాలదనుకున్నాను. ఎనిమిదేళ్లు ఆ బస్సెదురైతే మొహం తిప్పుకున్నాను. గోడ చూస్తూ ఏడ్చాను. ఆ క్షణం నుంచి నేను నిజంగా అలిగాను. పుట్టి బుద్ధెరిగాక అంత అలక అలగలేదు.

అలక అంటే ఏమిటి? అలిగిన మనిషి గోడ వైపు తిరిగి కూర్చుంటుంది, వెనక నుంచి ఎవరో ఒకరు వచ్చి బతిమాలతారు. రెండోది లేకపోతే మొదటిదానికి అర్థం లేదు. అరగంట కూర్చున్నాను. ఎవరూ రాలేదు. గంట కూర్చున్నాను. మా అత్తయ్య గుమ్మం దాకా వచ్చి, “ఎంత ఏకాగ్రతో!” అని గుసగుసలాడి కూరలు తనే తరిగింది. మా ఆయన కుట్టు మిషను ఆపేశాడు. స్టూలు కిర్రుమంటోందని నేను లేని టైములో దాని కాళ్లకు గుడ్డ ముక్కలు కుట్టాడు. పై ఫ్లాటావిడ కుర్చీలు ఎత్తి పెట్టుకుంటోందట, ఈడ్వకుండా.

నేను ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. అన్నం దగ్గరా మాట్లాడలేదు, బట్టలు మడుస్తూనూ మాట్లాడలేదు. “మౌనంలోకి దిగింది. పెద్ద మెట్టు,” అని నా కూతురు వాళ్ల నాన్నకు చెప్పడం విన్నాను. ఆయన మొహం చూడాలి! సంబరం. అంత మాట చెప్పినా పల్లెత్తు మాట అనలేదంటే ధ్యానం ఎంత గొప్పదో అని, కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుంటున్నాడు. నాకేమో ఒక్కరు, ఒక్కరు వచ్చి ‘ఏమైందే’ అంటే చాలు. పది రోజులు వద్దంటే వినకుండా బతిమాలిన మనుషులు, కావాల్సినప్పుడు ఒక్కరూ లేరు. అందరికీ ఆ అట్టముక్క అడ్డం. దాన్ని రాయించింది నేను.

డిపోలో ఈల అదే మాటలు ఇంకో అట్ట మీద రాసి నా సీటు వెనక తగిలించాడు. మాస్టారు బెల్లు కొట్టలేదు. లాండ్రీ స్టాపు దగ్గర నేనే ఆపాను, ఒక నిమిషం. అద్దంలో చూస్తే ఆయన కిటికీకి ముక్కు ఆనించుకుని చూసుకుంటున్నారు.

పద్నాలుగు రోజులు గడిచి, పదిహేనో రోజు క్లినిక్కుకు వెళ్లాను. డాక్టరు గారు పట్టీ చుట్టారు, చూశారు, కళ్లజోడు తుడుచుకున్నారు. ఇంకో చేతికి చుట్టారు.

“నూట ఇరవై నాలుగు బై ఎనభై! అమ్మా, ఏ పద్ధతిలో చేశారు?”

“అలిగాను సార్.”

“అలగడమా? అది ఏ గురువుగారి పద్ధతి?”

“గురువేం లేడు సార్. నాలుగు రోజులు గోడ చూస్తూ కూర్చున్నాను. ఎవరూ పలకరించలేదు.”

“రోజుకెంతసేపు?”

“పూర్తిగా.”

ఆయన శ్రద్ధగా కాయితం మీద రాసుకున్నారు. మిగతా డ్రైవర్లకు కూడా చెబుతానన్నారు. చెప్పనీండి, మధ్యలో నాకేం పోయింది.

ఫిట్‌నెస్ కాయితం చేతిలో పడ్డాక తిన్నగా పక్క కౌంటరుకు వెళ్లి పొడుగు బస్సు దరఖాస్తు ఫారం అడిగాను. అక్కడే నిలబడి నింపాను. అడ్రసు దగ్గర ఒక్క క్షణం ఆగి, మా ఇంటి అడ్రసే రాశాను.

సాయంత్రం ఐదున్నరకు మళ్లీ స్టూలు మీద కూర్చున్నాను. కూర్చునే ముందు అట్టముక్క తీసి పొయ్యి పక్కన పడేశాను. మా ఆయన మునివేళ్ల మీద వచ్చి, ఫ్రిజ్జు పిడి చూసి ఆగిపోయాడు.

“పాసయ్యావట కదా, ఈల ఫోన్ చేశాడు,” అన్నాడు. “బోర్డు తీసేశావేం? ధ్యానం అయిపోయిందా?”

“ఇది ధ్యానం కాదయ్యా,” అన్నాను గోడతోనే. నాలుగు రోజుల తర్వాత ఆయనతో అన్న మొదటి మాట. “అలక.”

“ఎప్పట్నుంచి?”

“పదకొండో రోజు నుంచి.”

“అయ్యో,” అన్నాడు. నిజంగా దెబ్బ తగిలిన మనిషి అన్నట్టు అన్నాడు. “నాలుగు రోజులా? ఎవరూ బతిమాల్లేదా?”

“ఎవరు బతిమాలారు! స్టూలుకి గుడ్డలు కుట్టావు.”

ఆయన వచ్చి నా వెనకే నేల మీద చతికిలబడ్డాడు. నా ఒళ్లో ఏదో పెట్టాడు. తడిమి చూశాను. కవరు. బొత్తాల డబ్బా గుండ్రటి ముద్ర దాని మీద లోతుగా పడిపోయి ఉంది.

“మళ్లీ దరఖాస్తు పెట్టాను,” అన్నాను. “ఉత్తరం ఈ ఇంటికే వస్తుంది. పగలు ఇంట్లో ఉండేది నువ్వే.”

“వస్తే ఆ నిమిషమే మిషను ఆపి, డిపోకి పరిగెత్తుకొచ్చి నీ చేతికిస్తా. చెప్పులు కూడా వేసుకోను.”

అంత సులువుగా తీరే అలకా ఇది? ఎనిమిదేళ్లు. ఒకటి, రెండు, మూడు, నాలుగు దాకా ఊపిరి లెక్కపెట్టాను.

“భయం మాత్రం పోలేదే,” అన్నాడు నెమ్మదిగా. “ఒక పని చేద్దాం. మొదటి రోజు వెనక సగంలో నేను కూర్చుంటా, చివరి సీట్లో. నీకు కనబడనిది నేను చూస్తా. మలుపు తిరిగాక వెనక భాగం కూడా వచ్చిందో లేదో కేకేసి చెబుతా.”

వెనక భాగం రాకుండా ఎక్కడికి పోతుందయ్యా మగడా! నవ్వు తన్నుకొచ్చింది. బిగబట్టాను. మొహం గోడ వైపే ఉంచి, కళ్లు మూసుకునే, ఇంకో ఊపిరి పీల్చుకున్నాను.

ఐదు.